పోలండ్ నుంచి వచ్చిన ఉత్తరం

నాచారం, 2004 జులై, మంగళవారం రాత్రి

ఈరోజు నేనొక మహత్తరమైన అనువాదం చేశాను. మేం జిరాక్స్ తీసి పంచే రాక్ సంగీత పత్రికలో ఇంగ్లీషు రాతలు నావి, బొమ్మలు యాదగిరివి. మాలాంటి పత్రికే నడిపే పోలండ్ కుర్రాళ్లకు ఒక కాపీ పంపితే, బదులుగా వాళ్ల కాపీ, దాంతో ఒక ఉత్తరం వచ్చాయి. యాదగిరికి ఇంగ్లీషు రాదు. ఫ్యాక్టరీలో డ్యూటీ దిగి, చేతుల గ్రీజైనా కడుక్కోకుండా ఉరికొచ్చాడు.

"ఏం రాసిన్రు మామా? జర సదువు."

"రాతలు మస్తున్నయంట. బొమ్మలు చిన్న పోరగాళ్లు గీసినట్టున్నయంట," అని గంభీరంగా చదివాను.

వాడు నా బల్ల మీదున్న తన బొమ్మల కట్ట అందుకున్నాడు.

"నిజమే చెప్పిన్రు. ఇగ నీ రాతలే ఎయ్యి మామా," అని ఒరిజినల్ బొమ్మలన్నీ నా ముందే చింపాడు. నేను ఆపలేదు. పైగా చెత్తబుట్ట అందించాను.

ఉత్తరంలో నా రాతల గురించి ఒక్క ముక్క లేదు. తమ తర్వాతి సంచిక అట్ట మీదికి ఆ ఒరిజినల్స్ పంపమని బతిమాలుకున్నారు.

వాడితో మళ్లీ గీయించాలంటే నిజం చెప్పాలి. లేదా గీసినవాడు మానేశాడని పోలండ్‌కు రాయాలి. ఇందాకే మొదలుపెట్టాను. ఇంగ్లీషు చాలా బాగా కుదురుతోంది...