ఫోన్ చేసినవాడి పేరు కూడా చేర్చవలసినదిగా

ట్రాఫిక్ విభాగపు పై అధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: లాండ్రీ వ్యాన్ ప్రమాదపు నివేదికలో 'బాధ్యులు' అను గడిలో మృతురాలి పేరు ఒక్కటే ఉన్నందున, ఆమెకు ఫోన్ చేసిన నా పేరు కూడా అందులో చేర్చుట గురించి.

విన్నవించుకొనునది ఏమనగా, నేను కోర్టు వరండాలో ముప్పై ఒక్క ఏళ్లు టైపు మిషను ముందు కూర్చుని ఊరందరి అర్జీలు కొట్టినవాడిని. సొంతానికి ఒకటి పెట్టుకోవడం ఇదే మొదలు. తప్పులుంటే మన్నించగలరు.

1. నా భార్య ఆసుపత్రి దుప్పట్లను లాండ్రీకి చేర్చు వ్యాన్‌ను పంతొమ్మిదేళ్లు నడిపినది. ఒక్క చలానా ఎరుగదు. ఏడు నెలల క్రితం మధ్యాహ్నం రెండూ నలభైకి ఆగి ఉన్న ఇసుక లారీని వెనుక నుండి గుద్దుకుని అక్కడికక్కడే మరణించినది. 'ఫోన్ మాట్లాడుతూ నడుపుట, డ్రైవరు నిర్లక్ష్యము' అని తమవారు రాసుకున్నారు. మాట్లాడిన మాట నిజం. మాట్లాడడానికి ఇద్దరు కావాలన్న సంగతి రాసినవారికి తట్టలేదు. రెండో మనిషి తమ కాగితాల్లో పది అంకెలుగా ఉన్నాడు, అంతే.

2. ఆమె స్టీరింగు పట్టుకుంటే ఫోన్ ఎత్తే మనిషి కాదు. అందువలన మా ఇద్దరికీ ఒక పద్ధతి ఉండేది. నేను ఒక రింగు ఇచ్చి పెట్టేస్తే భోజనం చేశానని. రెండు రింగులైతే మందు వేసుకున్నానని. మూడో రింగు మోగితే మాత్రం నా ప్రాణం మీదికి వచ్చిందని, ఎక్కడున్నా ఎత్తాలని. మూడేళ్ల క్రితం నాకు గుండెనొప్పి వచ్చి తగ్గాక ఆమే పెట్టిన నియమం ఇది. "మూడోది ఊరికే ఇచ్చారంటే చూడండి, మీ సంగతి చెప్తా" అని వేలు చూపించి మరీ చెప్పింది.

3. సదరు దినమున నేను టీకి నీళ్లు పెట్టి, పంచదార డబ్బా కొరకు వెదికితిని. కనబడలేదు. ముందు రోజు ఆమె అరలన్నీ సర్దినది. నాకు కోపం వచ్చినది. అయ్యా, నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. మూడు కాదు, తొమ్మిది రింగులు ఇచ్చాను. ఎత్తింది. "ఏమైందండీ? నొప్పా? కదలకండి, అలాగే కూర్చోండి, వచ్చేస్తున్నా" అంది. "నొప్పీ లేదు గిప్పీ లేదు, పంచదార ఎక్కడ తగలేశావ్?" అన్నాను. తమ లెక్క ప్రకారం ఆ కాల్ నలభై ఒక్క సెకన్లు. అందులో ముప్పై సెకన్లు నా సాధింపే. "కిటికీ పక్క అరలో..." అంది. తర్వాత ఏదో శబ్దం. విసుగొచ్చి ఫోన్ సీటు మీద పడేసిందనుకున్నాను. కిటికీ పక్క అరలో చూశాను, డబ్బా ఉంది. టీ తాగాను కూడా.

4. నుజ్జయిన ఆ వ్యాన్ ఫోటోను తమ శాఖవారు మా వీధి చివరి కూడలిలో పెద్ద బోర్డు కట్టించి, 'ఒక డ్రైవరు నిర్లక్ష్యం' అని రాయించినారు. ఉద్దేశం మంచిదే, కాదనను. అది చూసి నలుగురు ఫోన్ జేబులో పెట్టుకుంటే అంతకన్నా కావలసిందేముంది. కానీ ఇంట్లో కూర్చుని ఫోన్ చేసేవాళ్లకు ఒక్క బోర్డూ లేదు. బండి నడుపుతున్నారని తెలిసీ చేస్తాం. ఎత్తకపోతే మళ్లీ చేస్తాం. ఎత్తితే "ఇంతసేపా?" అని దెబ్బలాడతాం.

5. మా అమ్మాయి ప్రతి ఆదివారం ఆ బోర్డు దగ్గరే బస్సు దిగి వస్తుంది. వారం మొత్తంలో నా తలుపు తట్టే మనిషి ఆమె ఒక్కతే. వండిపెడుతుంది, ఉతికిన బట్టలు మడతపెడుతుంది. వెళ్లబోతూ చెప్పులేసుకుంటూ, "అమ్మకి ఆ మాత్రం బుద్ధి లేకపోయింది నాన్నా. ఎవరితోనో కబుర్లాడుతూ నిన్ను ఒంటరివాణ్ణి చేసి పోయింది" అంటుంది. ఆ ఫోన్ ఎవరు చేశారని మొదటి వారమే అడిగింది. లాండ్రీవాళ్లయి ఉంటారులే అన్నాను. ఆ అబద్ధాన్ని ఇంతవరకు దిద్దలేదు. చెబితే ఆదివారాలు కూడా పోతాయని భయం.

6. తమ కార్యాలయమునకు మూడు పర్యాయములు వచ్చితిని. గుమాస్తా గారు కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, "పెద్దాయనా, ఎత్తినవాళ్ల మీద సెక్షన్ ఉంది గానీ చేసినవాళ్ల మీద లేదండీ. ఇంటికెళ్లి కాసేపు పడుకోండి" అన్నారు. మంచివారు, వారి మీద నాకు ఫిర్యాదు ఏమీ లేదు. ఇంట్లో పడుకోవడం తప్ప నేను చేస్తున్నదీ ఏమీ లేదు.

కావున సదరు గడిలో నా పేరు మొదట రాయించి, ఆమె పేరు పక్కన 'భర్తకు ప్రాణాపాయమని నమ్మి ఫోన్ ఎత్తినది' అను ఒక్క వాక్యం చేర్పించి, బోర్డు మీద 'నిర్లక్ష్యం' అను మాట తీయించి, నన్ను విచారణకు పిలిపించవలసినదిగా ప్రార్థన. ఈ ముసలివాడి మొర దయతో చిత్తగించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు,
మృతురాలి భర్త, ఫోన్ చేసినవాడు

తా.క.: అయ్యా, సెక్షన్ లేదని నాకూ తెలుసు. అన్నేళ్లు కోర్టులో కూర్చున్నవాణ్ణి, ఆ మాత్రం తెలియదా? దీన్ని చెత్తబుట్టలో వేసినా బాధపడను. వేసేముందు దీని నకలు మీద మీ ముద్ర కొట్టించి మా అమ్మాయికి రిజిస్టరు పోస్టులో పంపండి. చిరునామా వెనుక రాశాను. నా చేతికి మాత్రం ఇవ్వకండి. ఇదే సంగతి రెండుసార్లు ఉత్తరంగా రాసి, పోస్టు డబ్బా దాకా వెళ్లి, వెనక్కి తెచ్చుకున్నాను. చదివాక మా అమ్మాయి ఇక రాకపోవచ్చు. రాకపోతే రాకపోయింది, వాళ్లమ్మని ఇంకెప్పుడూ ఆ మాట అనదు.