పెద్దాయన వీపు మీద కొక్కేలు

మార్చి 9, మంగళవారం
మధ్యాహ్నం రెండు గంటలు

చిరకాల మిత్రుడికి,

కొక్కెం నమస్కరించి రాస్తున్నాడు. ఇక్కడ అంతా క్షేమం, అక్కడ నువ్వూ క్షేమమని తలుస్తాను అని మొదలుపెట్టడం మర్యాద. నా మటుకు నేను క్షేమమే. నీ కూతురి క్షేమం మాత్రం ఎల్లుండి గురువారం పొద్దున పది గంటలకి గానీ తేలదు. అందుకే ముప్ఫై మూడేళ్ల తర్వాత నీకు రాయడానికి తెగించాను. చింపెయ్యాలనిపిస్తే చింపెయ్యి, కానీ చివరిదాకా చదివాకే ఆ పని చెయ్యి.

నిన్న మూడుసార్లు ఫోన్ చేశాను. నా గొంతు వినగానే పెట్టేశావు. మూడోసారి నీ కూతురు అని నోరు తెరిచేలోపే టక్కున పెట్టేశావు. నీ మొండితనం నాకు కొత్తేమీ కాదు. ఉత్తరమైతే మధ్యలో పెట్టేయడం అంత తేలిక కాదు కదా. సాయంత్రం టపా బస్తాలో పడితే రేపు చీకటి పడేలోపు నీ చేతికి అందుతుందని పోస్టాఫీసు గుమాస్తా ఒట్టేసినంత పని చేశాడు.

ఇరవై రోజుల కిందట నేను పనిచేసే కొట్టుకి ఒక అమ్మాయి వచ్చింది. నాటకాల వాళ్లకి దుస్తులు అద్దెకిచ్చే కొట్టులే, రాజుల అంగీలకీ రాక్షసుల లాగులకీ చిరుగులు కుడుతుంటాను. బక్కపలచటి మనిషి, ఎడమ కాలి మీద బరువంతా వేసి నిలబడింది. ఆ నిలబడటం చూసి, అది చెప్పకముందే ఎవరి పిల్లో పోల్చుకున్నాను. చేతిలో పాత బొమ్మల పుస్తకం ఒకటి. అట్ట మీద మెట్ల పైన నిలబడి రెండు చేతులూ తల మీద పెట్టుకున్న గొరిల్లా. నువ్వే కదా కొక్కెం బాబాయివి అని అడిగింది. ఒరేయ్ బక్కోడా, నాతో మాట్లాడకపోయినా నీ పిల్లకి నేను బాబాయినని చెప్పావన్నమాట. ఆ ఒక్క మాటకి నా గుండె కరిగి నీరైంది. దాచుకోవడం దేనికి.

కొత్త సినిమాలో తనకి వేషం దొరికిందని చెప్పింది. ఏం వేషమని అడిగితే గొరిల్లా అంది. ఆడపిల్లలందరూ తెర మీద ముఖం కనపడాలని తపస్సు చేస్తుంటే నీకిదేం పిచ్చే అన్నాను. నాన్న పోలిక అని నవ్వింది. నీకు చెప్పొద్దనీ, తెర మీద చూసి నువ్వు నోరెళ్లబెట్టాలనీ నా దగ్గర మాట తీసుకుంది. ఆ మాట ఇప్పుడు తప్పుతున్నాను.

ఆ పుస్తకం చూడగానే పాత రోజులన్నీ గుర్తొచ్చాయి. అట్ట మీద గొరిల్లా ఉన్న నెల ఒక్క ప్రతీ అమ్ముడుపోక వెనక్కి రావడం లేదని ఆ బొమ్మల పుస్తకాల యజమాని కనిపెట్టాడు, గుర్తుందా? ఇంక ఆగాడా? జడ్జీ గొరిల్లా, మంగలి గొరిల్లా, రైలుకి ఎర్ర లాంతరు ఊపే గొరిల్లా. లోపల కథలో గొరిల్లా జాడే ఉండేది కాదు. అయినా ఏ పిల్లాడూ మోసపోయానని గోల పెట్టలేదు. భయం సినిమాల వాళ్లూ అంతే. హంతకుడెవరో రాసినవాడికే తేలకపోతే అల్మరా తలుపు తెరుచుకుని గొరిల్లా వచ్చేది. ఎందుకంత మోజని నేను చాలాసార్లు ఆలోచించాను. దెయ్యాన్ని చూస్తే భయపడతాం, అక్కడితో సరి. గొరిల్లా అలా కాదు. అది కోపమొచ్చిన పెదనాన్నలా ఉంటుంది. భయపడుతూనే, పాపం పొద్దుటినుంచి ఏమైనా తిన్నాడో లేదో అనుకుంటాం. ఆ కళ్ల రంధ్రాల్లో మనిషి కోసం వెతుక్కుంటాం.

వెతుక్కునేవాళ్లకి కనపడని మనిషి సంగతి మన ఇద్దరికే తెలుసు. నువ్వు వేసుకునే ఆ గొరిల్లా తొడుగుని సినిమా సెట్లో అందరూ పెద్దాయన అనేవాళ్లు. వీపు మీద ఇరవై రెండు ఇనప కొక్కేలు, అన్నీ బయటినుంచి పెట్టాల్సిందే, బయటినుంచి తియ్యాల్సిందే. లోపలివాడు గొంతు చించుకున్నా రబ్బరు తల దాటి మాట బయటికి రాదు. అందుకే మన సైగలు. ఛాతీ మీద రెండు దెబ్బలంటే బాగానే ఉన్నాను, కానివ్వండి. రెండు చేతులూ తల మీదికి వెళ్తే ఊపిరాడటం లేదు, విప్పెయ్. కొక్కేలవాడు, అంటే నేను, పదడుగుల లోపే ఉండాలి, ఆ చేతుల మీంచి చూపు తిప్పకూడదు. నీకు ఇదంతా చెప్పడం తాతకు దగ్గులు నేర్పడమే. అయినా ఎందుకు రాస్తున్నానంటే, ఈ సైగల సంగతి నీ కూతురికి ఒక్క ముక్క తెలియదు. నువ్వు చెప్పలేదు.

మన మాటలు ఆగిపోయిన ఆ రోజు మెట్ల సీను. హీరోయిన్‌ని భుజాన వేసుకుని పైదాకా ఎక్కి, ఆమెను దించి, నువ్వు రెండు చేతులూ తల మీద పెట్టుకున్నావు. అటూ ఇటూ ఊగావు. మోకాళ్ల మీద పడ్డావు. డైరెక్టర్ చప్పట్లు కొట్టాడు, సెట్టంతా కొట్టింది. నువ్వు లేవకపోతే లైట్ల మేస్త్రీ పరిగెత్తి కొక్కేలు పీకేశాడు. నీ ముఖం నీలంగా ఉంది. కాస్త తేరుకున్నాక, ఎక్కడ చచ్చావని నన్ను అడిగావు. టీకి వెళ్లానన్నాను. నీ గ్లాసు టీకి ఉన్న విలువ నా ప్రాణానికి లేదన్నమాట అన్నావు. అదే నీ ఆఖరి మాట. అప్పటినుంచీ పది మెట్లెక్కితే నీకు ఆయాసం అని ఎవరో చెబితే విన్నాను.

లోకానికి మాత్రం అదంతా నటన అని చెప్పావు. అమ్మ పోయిన రోజు గుర్తు తెచ్చుకుని అలా చేశానన్నావు. నేను తప్పు పట్టను. నలుగురూ చప్పట్లు కొడుతుంటే అది నటన కాదు బాబూ, చావు తప్పింది అని చెప్పడానికి ఎవరికి నోరొస్తుంది? దాన్నే అట్టల మీద వేశారు, గోడల మీద వేశారు. నువ్వు తెర మీద పేరు పడని మనిషివి, ఆ ఒక్క సైగే నీకు పేరు. కానీ ఆ కథనే నీ పిల్లకి జోలపాటలా చెప్పి పెంచావు చూడు, అక్కడ వచ్చింది చిక్కు.

ఈ కొత్త డైరెక్టర్ కుర్రవాడు, మర్యాద తెలిసినవాడు. ఆ సీను వందసార్లు చూశాడట. దాన్ని ఉన్నది ఉన్నట్టు మళ్లీ తీస్తాడట. ముప్ఫై నాలుగు మెట్లు, నాలుగు నిమిషాలు, మధ్యలో ఆపకుండా ఒకే షాట్. తొడుగు కొత్తది, తేలికే. తలలో చిన్న ఫ్యాను కూడా పెట్టారు. అది విని నేనూ సంతోషించాను. తీరా చూస్తే ఫ్యాను రొద మైకులో పడుతోందని షాట్ జరిగినంతసేపూ ఆపేస్తారట. కెమెరా చుట్టూ తిరుగుతుంది కాబట్టి మెడ దగ్గర సందు కనపడకుండా జిగురుతో అతికించేస్తారట. మెట్ల పైకి వెళ్లాక గొరిల్లా రెండు చేతులూ తల మీద పెట్టుకోవాలి, ఊగాలి, మోకాళ్ల మీద పడాలి.

అర్థమైందా? మన సైగ ఇప్పుడు స్క్రిప్టులో ఉంది. గురువారం నీ పిల్లకి నిజంగా ఊపిరాడకపోతే ఏం చేస్తుంది? ఏం చేసినా మళ్లీ చప్పట్లే.

నేను ఊరుకోలేదు. కొక్కేల పనికి నన్ను తీసుకోమని దాని చేతే అడిగించాను. ఎడమ కాలు రెండుసార్లు నేలకేసి కొడితే విప్పుతాను అని దానికి వేరే సైగ నేర్పాను. శనివారం మొదటి రిహార్సల్లో సగం మెట్లకే దానికి ఎగశ్వాస వచ్చిందట. మరి కాలెందుకు కొట్టలేదే అంటే, కాలు గుర్తే రాలేదు బాబాయ్ అంది. ఎలా గుర్తొస్తుంది? ఊపిరి అందనప్పుడు చేతులు వాటంతట అవే తలకి వెళ్తాయి. అందుకే కదా మనం అప్పుడు ఆ సైగ పెట్టుకున్నది.

నిన్న సోమవారం మళ్లీ రిహార్సల్. అది చేతులు తల మీద పెట్టగానే నా కాళ్లు నా మాట వినలేదు. పరిగెత్తి కొక్కేలు విప్పేశాను. లోపల బాగానే ఉంది, నవ్వింది. రెండోసారీ అదే పని చేశాను. ఈసారి నవ్వలేదు. మూడోసారి విప్పేసరికి డైరెక్టర్ నా భుజం మీద చెయ్యేసి, మీరు పెద్దవారు, గురువారం ఇంటి దగ్గర విశ్రాంతి తీసుకోండి అన్నాడు. ఎంత మర్యాదగా గెంటేశాడంటే నేనే దణ్ణం పెట్టి బయటికొచ్చాను. కొక్కేల పని దుస్తుల మేనేజరుకి అప్పగించారు. ఆవిడకి హీరోయిన్ గౌను చూసుకోవడంతోనే సరిపోతుంది, ఇంక ఈ పిల్ల చేతులేం చూస్తుంది?

బయట మెట్ల మీద కూర్చుంటే నీ కూతురు వచ్చి పక్కన కూర్చుంది. జుట్టంతా చెమటకి తడిసి ముద్దైంది. పరువు తీశావు బాబాయ్, ఎందుకింత భయం అని అడిగింది. చెప్పేశాను. ఆ సీనులో మీ నాన్న నటించలేదే, ఊపిరాడక కొట్టుకున్నాడు అన్నాను. దానికి ఒళ్లు మండింది. నాన్న నాకు వందసార్లు చెప్పాడు, నువ్వు ఆయన పేరు తీసెయ్యాలని చూస్తున్నావా అంది. కాదే అమ్మా అంటే, మరి కొక్కేలవాడివి నువ్వే కదా, ఊపిరాడకపోతే నువ్వెందుకు విప్పలేదు అని నిలదీసింది. టీకి వెళ్లానన్నాను. అది నా ముఖంలోకి అలా చూసి, అయితే అక్కడ లేనివాడివి నీకెలా తెలుసు అని అడిగింది.

ఆ మాట అడిగి లేచి వెళ్లిపోయింది.

అందుకని ఇప్పుడు దానికి చెప్పగలిగినవాడివి నువ్వొక్కడివే. వేషం మానెయ్యమనొద్దు. అది బాగా చేస్తోంది, నీకంటే ఒక పాలు ఎక్కువే. ఫ్యాను ఆపొద్దనీ, మెడ అతికించొద్దనీ, ఆ చేతుల సైగ మాత్రం తీసేయమనీ అది పట్టుబడితే చాలు. కానీ అది నాన్న సైగ అంటుంది. ప్రాణం పోయినా వదలనంటుంది. ఆ మాట నవ్వుతూనే అంది, నాకే నవ్వు రాలేదు. గురువారం తొలి బస్సు ఎక్కితే తొమ్మిదింటికల్లా ఇక్కడుంటావు. రాలేకపోతే బుధవారం రాత్రి తొమ్మిదిలోపు దాని హాస్టల్ వార్డెన్ గదికి ఫోన్ చెయ్యి. నంబరు కవరు వెనక రాశాను. నామీద కోపం ఉంచుకో, నేను అడ్డం రాను. కానీ ఆ కోపానికీ ఆ పిల్లకీ ముడిపెట్టకు.

నీ ఆరోగ్యం జాగ్రత్త. బస్టాండు నుంచి ఆటో ఎక్కు, నడవకు, దారంతా ఎగువే.

ఇట్లు,
ఒకప్పటి నీ కొక్కేలవాడు

తా.క. కవరు అంటించబోయి ఆగాను. ఇదంతా చదివినా నువ్వు కదలవు. ఏ మనిషైనా ఒక్క అబద్ధం మీద ముప్ఫై మూడేళ్లు నిలబడితే అంత తేలిగ్గా దిగడు. అది నాకు బాగా తెలుసు. ఎందుకంటే నేనూ ఒకదాని మీద నిలబడే ఉన్నాను.

ఆ రోజు నేను టీకి వెళ్లలేదు. నీకు ఏడడుగుల దూరంలో, మెట్ల పక్కన అట్ట స్తంభం వెనక ఉన్నాను. నీ చేతులు తల మీదికి వెళ్లడం చూశాను. నన్ను ఎవరూ ఆపలేదు. డైరెక్టర్‌కి భయపడి ఆగానని చాలా ఏళ్లు నాకు నేనే చెప్పుకున్నాను. అదీ నిజం కాదు. అంత బాగా ఎవరూ చెయ్యగా నేనెప్పుడూ చూడలేదు. ఆ ఊగడం, ఆ మోకాళ్లు చూస్తుంటే నా కళ్లలో నీళ్లు తిరిగాయి. లోపల నువ్వున్నావన్న సంగతే మర్చిపోయాను రా. అయ్యో పాపం గొరిల్లా అనుకుంటూ నిలబడ్డాను.

క్షమించమని అడగను. ఇవాళ సాయంత్రమే హాస్టల్‌కి వెళ్లి నీ కూతురికి ఇదే చెబుతాను. నిన్న టీకి వెళ్లానన్నవాడు ఇవాళ వెళ్లలేదంటే అది నమ్మదు, నన్ను ఇంకాస్త అసహ్యించుకుంటుంది. నువ్వు అవునంటేనే నమ్ముతుంది. నా అబద్ధం నేను ఒప్పుకున్నాను. నీది గురువారం పది గంటలలోపు ఒప్పుకో.