నాన్న మీదుగా టూర్

అక్టోబర్ 14, సోమవారం

నాన్న దగ్గరికి వెళ్ళడానికి టికెట్ కొనాలట. గైడ్ లేకుండా గడ్డకట్టిన లావా మీద అడుగు పెట్టనివ్వరు. ఫోన్‌లో అమ్మాయి ఎంతో మర్యాదగా, లా పాల్మా ద్వీపం వాళ్ళకు రాయితీ ఉందండీ అంది. కడుపు మండింది. మా శ్మశానం మీద మాకే రాయితీ.

అమ్మకు చెప్తే, బుక్ చెయ్యవే, ఎవరి మీద అరుస్తావు, అగ్నిపర్వతం మీదా అంది.

అక్టోబర్ 22

మున్సిపాలిటీ వాళ్ళు మళ్ళీ వచ్చారు. కొత్త శ్మశానం గోడలో అమ్మకు శవపేటిక పట్టే గూడు ఒకటి ఇస్తారట. పాత శ్మశానం గోడలో నాన్న గూడు పక్కనే అమ్మది ఖాళీగా ఉండేది. ఆయన పోయినప్పుడే పాలరాతి పలక మీద ఇద్దరి పేర్లూ చెక్కించింది. మూడేళ్ళ కిందట లావా వచ్చి ఊరితో పాటు దాన్నీ మింగింది.

నాకు గూడు ఉంది నాయనా, దాని మీద కాసిని రాళ్ళు పడ్డాయంతే అంది అమ్మ. వాళ్ళు నవ్వారు. ఎనభై దాటిన మనిషి చచ్చాక ఎక్కడ పడుకోవాలో తేలక కూర్చుంటే వీళ్ళకు నవ్వు.

అక్టోబర్ 31

అమ్మ చామంతులు కొంది. గుడ్డ ఉతికి ఆరేసింది. సీసాలో నీళ్ళు నింపింది. రేపు పునీతుల పండుగ, ద్వీపమంతా తమవాళ్ళ సమాధి పలకలు తుడిచి పూలు పెడుతుంది. తుడవడానికి పలకేదమ్మా అని అడగబోయి నోరు మూసుకున్నాను.

నవంబర్ 1, సాయంత్రం

కోపంతోనే రాస్తున్నాను.

బస్సు నడిపింది మా పిన్ని కొడుకు తనౌసూ. పెద్దమ్మా, ముందు సీట్లో కూర్చో, గోదోగాడి సోది బాగా వినిపిస్తుంది అన్నాడు. స్పెయిన్ నుంచి దిగిన ప్రతివాడూ మాకు గోదోనే. ఈ గైడ్ పేరు గోర్కా. మిగతావాళ్ళు జర్మన్లు. అందరికీ హెల్మెట్లు ఇచ్చారు. అమ్మ హెల్మెట్ మీద నల్ల స్కార్ఫ్ కట్టుకుంది.

ఒకచోట ఆపి, మీ కాళ్ళ కింద శ్మశానం ఉంది, ఇక్కడి వాళ్ళను రెండుసార్లు పూడ్చారు అన్నాడు గోర్కా. అందరూ నవ్వారు. రోజూ వేసే జోకని, నవ్వు కోసం వాడు ఆగిన తీరులోనే తెలిసింది. నన్నింకా ఒక్కసారి కూడా పూడ్చలేదు బాబూ, నా గూడు కింద ఖాళీగానే ఉంది అంది అమ్మ.

నాన్న గూడు ఎక్కడుందో కళ్ళు మూసుకుని చూపిస్తానని బస్సులో అన్న అమ్మ అటూ ఇటూ చూసింది. గోడ లేదు, చెట్లు లేవు, ఊరు లేదు. ఎటు చూసినా నల్లరాయి. ఎక్కడే మీ నాన్న అని నన్నడిగింది. నాకూ తెలియలేదు. ఇద్దరం కలిసి నాన్నను మళ్ళీ పోగొట్టుకున్నాం.

అప్పుడు అమ్మ దారి పక్కన కట్టిన తాడు దాటింది. వద్దండీ, దారి తప్పకూడదు, అక్కడ ఇంకా వేడిగా ఉంటుంది, రూల్ అండీ అని గోర్కా అంటూనే ఉన్నాడు. దగ్గరున్న రాయి ముందు వంగి, పాలరాతిని తుడిచినట్టే తుడవడం మొదలుపెట్టింది. గుడ్డ పీలికలైంది. సీసాలోని నీళ్ళు రాయి మీద పోసింది. పగులులోకి దిగిన నీళ్ళు సుయ్యిమని ఆవిరై పైకొచ్చాయి.

అమ్మ కదల్లేదు. మీ నాన్నకు ఇంకా చల్లారలేదే అంది. తర్వాత రాయివైపు తిరిగి తిట్టడం మొదలుపెట్టింది. నా మీద అలుగుతావేంటి లిసాంద్రో, నీ పక్కకే వస్తానన్నాగా, దారి మూసింది నేనా, పెళ్ళయిన రోజు నుంచీ ఇదే వరస నీది, ఎవరో చేసిన దానికి నన్నంటావు.

ఒకడు వీడియో తీస్తున్నాడు. ఆ ఫోన్ లాక్కుని విసిరేద్దామనిపించింది. చెయ్యి అడ్డం పెట్టాను. పూలు కూడా వదలకూడదండీ అన్నాడు గోర్కా. ఒరే గోదో, చచ్చాక మీ అమ్మ ఎక్కడ పడుకుంటుందో నీకు తెలుసుగా, మా అమ్మ ఎక్కడో మాకు తెలియదు అన్నాను. వాడి మొహం మాడిపోయింది. పూలు వెనక్కి తెచ్చుకున్నాం.

నవంబర్ 2

వెనక్కి తెచ్చిన పూలను అమ్మ ఆ సీసాలోనే పెట్టింది.

నవంబర్ 9

తనౌసూ వచ్చాడు. గోర్కా ఆ పాత జోక్ మానేశాడట. ఇప్పుడు మా అమ్మ కథ చెబుతున్నాడట. సీసాతో నీళ్ళు తెచ్చి ఆ పగులులో పోసి, ఇక్కడొక ముసలాయనకు ఇంకా కోపం చల్లారలేదు అంటాడట. ఆడవాళ్ళు ఏడుస్తున్నారక్కా అన్నాడు తనౌసూ, గొప్పగా.

ఒళ్ళు మండిపోయింది. ఊరు పోయింది, నాన్న పోయాడు, చివరికి అమ్మ తిట్టిన తిట్టు కూడా టికెట్‌లో కలిపేశారు. రేపు టూర్ ఆఫీసుకు వెళ్ళి వాణ్ణి కడిగిపారేస్తానన్నాను.

అమ్మ బంగాళాదుంపలు ఉప్పునీళ్ళలో వేస్తూ వింటోంది. ఆయన పేరు చెబుతున్నాడా అని అడిగింది. లేదు పెద్దమ్మా, ముసలాయన అంటాడంతే అన్నాడు తనౌసూ. ముసలాయనేంటి, పేరు లేదా ఆయనకు అంది.

నవంబర్ 10

మున్సిపాలిటీ ఇచ్చే గూడు తీసుకుంటుందట. పడుకోవడానికి ఎక్కడైతేనేం అంది.

గోర్కాకు ఫోన్ తనే చేసింది. నాన్న పూర్తి పేరు చెప్పి, తిరిగి చెప్పించుకుంది. తర్వాత తన పేరు చెప్పింది. లిసాంద్రో, ఎర్మీనియా. రెండూ పక్కపక్కనే చెప్పాలి నాయనా, మధ్యలో ఊపిరి తీసుకోకు అంది.