బటన్ల ఫోను

ఎగువ బస నుంచి

ప్రియమైన సూచిన్‌కు,

నా ఫోను పోయింది. అల్లం సూపు దేగిసాలో పడింది. నవ్వకు. కొత్తది కొని, సామాను మోసుకొచ్చే దహు మూటలో పెట్టి పంపు. ఏది పడితే అది కొనకు. బటన్లుండాలి, నొక్కితే నొక్కినట్టు తెలియాలి. రాతి మీద పడ్డా పగలకూడదు. వెనక మూత తీసి బ్యాటరీ మార్చుకునేలా ఉండాలి. ఇక్కడి కంప్యూటర్లో నేను లోపలంతా తెరిచి చూపించే లైనక్స్ వేసుకున్నానని తెలుసుగా. మామూలు తీగ గుచ్చగానే ఫోను అందులో పెన్‌డ్రైవ్‌లా తెరుచుకోవాలి. కొండెక్కేవాళ్ళకు ఏమైనా అయితే పిలవాల్సిన నంబర్లన్నీ ఆ కంప్యూటర్లోనే ఉన్నాయి. "ముందు మా కంపెనీ ప్రోగ్రాం వేసుకో" అనే ఫోను అసలొద్దు. లోపల ఏముందో దాచిపెట్టే వస్తువును నేను నమ్మను.

సమాధులు శుభ్రం చేసే పండుగకు రాలేను. నా బదులు ఈ కొండ మీది బస చూసుకునేవాళ్ళు లేరు. అమ్మ సమాధి మీద గడ్డి నువ్వే పీకించు.

నీ
టింగ్‌ఫా

ష్వేలీ నుంచి

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు. అలవాటు కొద్దీ రాస్తున్నాను. ప్రియమైన టింగ్‌ఫాకు,

కవరు విప్పి కరెంటు బిల్లనుకున్నాను. పెళ్ళానికి రాసే ఉత్తరం టైపు కొట్టి అచ్చు తీస్తారా? చివర పేరు కూడా అచ్చే! కోడి గీతలైనా ఇన్నేళ్ళూ నీ చేత్తో రాసేవాడివి. ఇప్పుడు ఆ మాత్రం ఓపిక కూడా లేకుండా పోయిందా?

ఫోను గురించి పేజీ నిండా రాశావు. మీ అమ్మ సమాధి గురించి ఒక్క ముక్క. గడ్డి ఎవరితోనూ పీకించలేదు, నేనే పీకాను. సమాధి మీద పరిచే పసుపు కాగితాలు గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టాను. మీ అన్నయ్య అందరి ముందూ, "ఏమ్మా, మావాడు ఆ కొండను రెండో పెళ్ళి చేసుకున్నాడా?" అన్నాడు. మీ వదిన పళ్ళికిలించింది. "అవును బావగారూ, పెళ్ళికూతురి తరఫున ఒక కంప్యూటర్ కూడా వచ్చింది" అన్నాను. అందరూ నవ్వారు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

నీ కోరికలన్నీ చదివి వినిపిస్తే కొట్టువాడు, "ఆంటీ, మా తాత కూడా ఇలాంటిది అడగట్లేదు" అన్నాడు. అందుకని వాడిచ్చిందే కొన్నాను. అంతా అద్దమే, ఒక్క బటనూ లేదు. నీ లైనక్స్‌కు నచ్చితే వాడుకో, లేదంటే నీ ఇష్టం. చలికని మందపాటి చొక్కా కుట్టి పెడుతున్నాను. ఎందుకు కుట్టానో నాకే తెలియదు.

కోపంతో
సూచిన్

ఎగువ బస నుంచి

ప్రియమైన సూచిన్‌కు,

ఫోను వెనక్కి పంపుతున్నాను. నేను చెప్పిందేమిటి, నువ్వు కొన్నదేమిటి? తీగ గుచ్చితే వాళ్ళ ప్రోగ్రాం కావాలంటోంది. అది లైనక్స్‌లో నడవదు. ఆ అద్దాన్ని ఎంత పొడిచినా పలకదు. చొక్కా కూడా పంపుతున్నాను. దానికి గుండీలు ఎక్కువ. తల మీంచి తొడుక్కునేది ఉంటే పంపు. నేనడిగింది బటన్లున్న ఫోను ఒక్కటే. అది కూడా చేతకాదా నీకు?

దహును విసిగించకు. వాడికి వేరే పనులున్నాయి.

నీ
టింగ్‌ఫా

ష్వేలీ నుంచి తెచ్చినది

ప్రియమైన టింగ్‌ఫాకు,

దహును విసిగించాను. కుట్టిన చొక్కా తిరిగొచ్చాక ఊరుకుంటానా? నూడుల్స్ పెట్టి, తినేదాకా ఆగి, గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాను.

"వదినా, చెప్తే అన్న నన్ను చంపేస్తాడు" అన్నాడు.

"చెప్పకపోతే ఇక్కడే నేను చంపుతాను" అన్నాను.

అప్పుడు చెప్పాడు. గ్యాస్ పొయ్యి భగ్గుమందట. నీ రెండు చేతుల వేళ్ళూ కాలాయట. ఫోను సూపులో పడింది అప్పుడేనట. కట్లు కట్టిన చేతుల మధ్య చాప్‌స్టిక్ పట్టుకుని, ఒక్కో అక్షరం పొడుచుకుంటూ నాకు ఉత్తరం రాశావట. దాన్ని నేను కరెంటు బిల్లన్నాను.

నా చేత ఆ మాట అనిపించావు. వేళ్ళు కాలినందుకు కాదు, అందుకు నిన్ను క్షమించను. ఒకసారి కిందికి దిగితే ఆఫీసువాళ్ళు మళ్ళీ పైకి పంపరని భయమట! ఆ భయం దహుకు చెప్పుకున్నావు, నాకు చెప్పలేదు. లోపల ఏముందో దాచిపెట్టే వస్తువును నమ్మవు కదా, మరి నిన్ను నేనెలా నమ్మాలి?

ఫోను కొన్నాను. కొట్లన్నీ తిరిగి, ప్రతిదాని బటన్లూ చాప్‌స్టిక్‌తో నొక్కి చూశాను. నీకు నచ్చేది దొరికాక గచ్చు మీద పడేశాను. కొట్టువాడు లబోదిబోమన్నాడు, ఫోనుకేం కాలేదు. లైనక్స్ వాడే హైస్కూలు మాస్టారింటికి తీసుకెళ్ళి తీగ గుచ్చించాను. నువ్వన్నట్టే తెరుచుకుంది. వెనక మూత మాత్రం గట్టిగా ఉంది, నేనే తీసి పెట్టాలి.

మీ ఆఫీసుకూ వెళ్ళాను. బల్ల గుద్ది మరీ అడిగాను. నీ చేతులు మానేదాకా నీ బదులు దహు ఈ బసలో ఉంటాడు. మానాక నీ చోటు నీదే, కాగితం మీద రాయించుకున్నాను. నాతో కిందికి, ఆసుపత్రికి రావాలి. రానంటే ఈడ్చుకుపోతాను.

ఈ ఉత్తరం దహు నీ ముందు విప్పి పట్టుకుంటాడు. ఎదురుగా చెప్పబోతే అరుపో ఏడుపో వస్తుంది గానీ మాట రాదని రాశాను. ఇదంతా చదివాక తలుపు వైపు చూడు. బయటే ఉన్నాను. చలికి వణుకుతున్నాను, కోపం మాత్రం తగ్గలేదు.

తలుపు తీయడానికి లేవకు. నేనే తీసుకుంటాను.

నీ
సూచిన్