పాత కోడలు, కొత్త మనిషి

ఉదయగిరి,
ఆదివారం.

అమ్మకు నీ చిన్న కూతురు నమస్కరించి రాసేది. ఇక్కడ బావ, అత్త, పాప, నేను బాగున్నాం. అక్కడ సంగంలో నువ్వూ అన్నా వదినా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఫోను ఉండగా ఈ రాతలేంటని అన్న నవ్వుతున్నాడని రాశావు. నవ్వనీ. నీ చెవులకు ఎక్కాలంటే నేను వీధి చివరికి వినపడేలా అరవాలి. అరిచి చెప్పగలిగే మాటలు నా దగ్గర కొన్నే ఉన్నాయి.

నీ మోకాలి మందు బావ తెచ్చి పెట్టాడు, అటు వచ్చేవాళ్ళ చేతికిచ్చి పంపుతాను. ఇక సీరియల్ సంగతి. మాటలు వినపడక బొమ్మ చూసి ఊహించుకుంటున్నానన్నావు. మొన్న ఆ అత్తగారు కోడలిని తిట్టింది నగల గురించి కాదు, చద్దన్నం కుక్కకు వేసిందని. నగలనుకున్నా నష్టం లేదులే, ఆ ఇంట్లో దేనికైనా ఒకటే మ్యూజిక్కు. పట్టుచీరలతో నిద్రపోతారు, ఒక్కరూ గిన్నె తోమరు. ఇంకో సీరియల్లో సవతితల్లిని చూశావు కదా, కళ్ళకు అంత కాటుక పెట్టుకుని పాలలో విషం కలపడమే పని. బిడ్డకు తల దువ్వడం, జ్వరమొస్తే పక్కన కూర్చోవడం ఆమెకు ఎవరూ రాసిపెట్టలేదు.

పోయిన నెల బావ నన్నూ పాపనూ ఆత్మకూరులో దయ్యం సినిమాకు తీసుకుపోయాడు. చనిపోయిన మొదటి పెళ్ళాం జుట్టు విరబోసుకుని వచ్చి రెండో పెళ్ళాన్ని గోడకేసి కొడుతుంది. హాలంతా కెవ్వుమంది. పాప నవ్వింది. బావ ఇంటర్వెల్ కాకముందే లేచి బయటికి పోయి, సినిమా అయిందాకా టీకొట్టు దగ్గర నిలబడ్డాడు. నాకు మాత్రం కోపం వచ్చింది. అది తీసినవాళ్ళకు చనిపోయిన మనిషి ఉన్న ఇల్లు తెలియదమ్మా. లిఖితక్క ఏనాడూ తలుపు కొట్టలేదు. పోపులపెట్టెలో ఆవాలు అక్క పెట్టిన గిన్నెలోనే ఉంటాయి, అంతే. నేను మార్చి చూశాను. మర్నాటికి అత్త మళ్ళీ అక్కడే పోసింది. మొదటామె శాంతించాలని నా తాళి పక్కన అక్క పేరున అత్త కట్టించిన బంగారు బిళ్ళ ఉంది కదా, నేను వంగినప్పుడల్లా అది తాళికి తగిలి చిన్నగా చప్పుడవుతుంది. ఏ దయ్యం సినిమాలోనూ నేను ఆ చప్పుడు వినలేదు.

ఆ సీరియల్ ఇంట్లో తిరుగుతున్న కొత్త పిల్ల ఎవరు, పెద్ద కోడలు ఏమైపోయింది అని అడిగావు. కొత్త పిల్ల కాదమ్మా, పెద్ద కోడలే. పాత నటి మానేస్తే ఆ వేషానికి ఇంకొకామెను తెచ్చారు. మొదట్లో ఒక్క ముక్క చెప్పారు, నీకు వినపడి ఉండదు. అదే చీర, అదే మంచం, అదే మొగుడు. నువ్వెవరని ఇంట్లో ఒక్కరూ అడగలేదు. అత్తగారు కాఫీ తెమ్మంది, తెచ్చింది. కొత్తామెకు ఏడవడం చేతకాదని మా వీధిలో అందరూ విసుక్కుంటున్నారు. నాకు బాగానే చేస్తున్నట్టు అనిపించింది. ఏ గదిలోకి పోయినా గడప దగ్గర ఒక్క క్షణం ఆగుతుంది.

"పిన్నీ, పాతామె యాడికి పోయినాది?" అని పాప అడిగింది.

మానేసిందని చెప్పాను.

"మరి వాళ్ళు ఏడవలేదేంది?"

"ఏడస్తా కూచుంటే కథ ముందుకు పోవద్దా, చూడు," అంది అత్త.

పాప నన్ను అమ్మా అంటోందా అని కూడా అడిగావు. ఆ జవాబు ఎలా రాయాలో తెలియకే ఇంత సినిమా పురాణం రాశాను. అత్త నేర్పగా మొన్న అనింది. నేను బియ్యం ఏరుతున్నాను. దువ్వెన పట్టుకుని వచ్చి, "అమ్మా, జడ వెయ్యి," అంది. నేను బియ్యం చేట కింద పెట్టాను. వాకిలి వైపు చూశాను, అక్క వస్తుందేమోనని. నన్ను చూసి పాప కూడా అటే చూసింది.

అప్పటి నుంచి భయంగా ఉంది. అక్క వస్తుందని కాదు, నేను పోతున్నానని. అత్త నన్ను లిఖితా అని పిలుస్తుంది. మొదట్లో నాలుక కరుచుకునేది. ఇప్పుడు కరుచుకోదు. నేనూ "వస్తన్నా అత్తా" అంటున్నాను. పాపకు పరాయి మనిషి తల్లిగా రాకూడదని మీరందరూ అనుకుని నన్ను బావకిచ్చారు. నేను సరేననే వచ్చాను, ఇప్పుడూ ఈ ఇల్లు వదలను. కానీ నేను వచ్చింది అశ్వితగానే.

నిన్న పాపకు జడ వేస్తూ చెప్పాను, "మీయమ్మ లిఖిత. నేను మీయమ్మ చెల్లెల్ని. నన్ను పిన్నీ అనే పిలువు," అని. అత్త వినింది.

"బిడ్డ మరిచిపోతా ఉండాది కదా, నువ్వెందుకు గుర్తు చేస్తావు?"

బావ అన్నం తిని లేచాడు. చెయ్యి కడుక్కుంటూ, "పిన్నీ అనే పిలవనీలేమ్మా," అన్నాడు. పెళ్ళయ్యాక నా తరపున ఆయన అన్న మొదటి మాట అదే.

ఒక్కటి అడుగుతాను, బాధపడకు. నీ ఉత్తరం పైన 'చిరంజీవి సౌభాగ్యవతి లిఖితకు' అని రాశావు. రాసినట్టు నీకే తెలియదేమో. చాలాసేపు చూశాను దాన్ని. అత్త పిలిస్తే పలుకుతున్నాను, నువ్వు పిలిస్తే పలకలేను. నువ్వు కన్నది ఇద్దరిని. పోయింది ఒకరే. జవాబు రాసేటప్పుడు పైన నా పేరు రాయి. అక్క గురించి కింద ఎంతైనా రాయి, పాపను పక్కన కూర్చోబెట్టుకుని చదువుతాను.

ఇట్లు,
నీ చిన్న కూతురు, లిఖిత చెల్లెలు,
అశ్విత