బార్బడోస్‌కి ప్రస్థానం

నిడదవోలు,
మంగళవారం.

ప్రియమైన అక్కా,

'ప్రియమైన' అని రాశాక కాసేపు కలం ఆగింది. కొట్టేద్దామనుకున్నాను. హాస్టల్ రోజుల నుంచీ నీకు అలాగే రాస్తున్నాను కనుక ఉంచేశాను.

ఫోన్ ఎందుకు కట్టేశానో నీకీపాటికి అర్థమయ్యే ఉంటుంది. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు. నువ్వు ఏడిస్తే నేను ఓదార్చాలి. జబ్బు నాది, ఏడుపు నీది, ఓదార్పు మళ్ళీ నాదే. ఏడాదిగా ఇదే వరస. ఈసారి నా వల్ల కాదు. కాగితమైతే నేను చెప్పేదంతా అయ్యేదాకా నువ్వు ఊరుకుని చదవాలి.

బావగారు టికెట్లు శుక్రవారానికి తీశానన్నారు. శుక్రవారం పడమర దిక్కుకి శూల, ప్రయాణం పనికిరాదు. బార్బడోస్ మనకి పడమరే కదా. పంతులుగారిని అడిగితే, సోమవారం పొద్దున్న మంచి గడియ ఉంది, ప్రస్థానం పెట్టేసుకోండి, శుక్రవారం నిశ్చింతగా వెళ్ళండి అన్నారు. మన ఇళ్ళల్లో ఇది కొత్తేం కాదు. తాతయ్య సరుకు కొనడానికి మద్రాసు వెళ్ళాలన్నా ఇలాగే చేసేవాడు. ఒక బట్ట, గుప్పెడు బియ్యం, పసుపుకొమ్ము, వక్క మూటగట్టి, వెళ్ళే దిక్కున ఉన్న ఇంట్లో మంచి గడియలో పెట్టేస్తే మనిషి అప్పుడే బయల్దేరినట్టు లెక్క. ప్రయాణం రోజున ఆ మూట తీసుకుని వెళ్ళిపోవడమే.

అందరికీ కొత్త తువ్వాళ్ళకి పసుపు బొట్లు పెట్టి నేనే ఇచ్చాను. నువ్వు నీదీ బావగారిదీ మూటలు పట్టుకుని మొగల్తూరు నుంచి తొలి బస్సుకే వచ్చేశావు. నాదీ మా పిల్ల దుర్గాశ్రీదీ కలిపి కట్టిన మూట పడమటి పక్క సూరమ్మగారి ఇంట్లో, అలమరలో పెట్టి దణ్ణం పెట్టుకున్నాను. నాకు కాస్త కళ్ళు తిరిగితే నువ్వేమన్నావు? "నువ్వెళ్ళి పడుకోవే, మిగతావి మేం పెట్టొస్తాం" అన్నావు. నేను వెళ్ళి హాయిగా నిద్రపోయాను. ఆ నిద్ర తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్ళు మండుతోంది.

ఈవేళ దుర్గాశ్రీ తన ఈత కళ్ళజోడు కూడా మూటలో పెట్టాల్సిందేనని గొడవ చేస్తే మళ్ళీ వెళ్ళాను. అలమరలో నా మూట ఉంది. పక్కన ఏదో పాత గళ్ళ తువ్వాలు మూట ఉంది, సూరమ్మగారి సామానేమో అనుకున్నాను. మీ కొత్త తువ్వాళ్ళు ఒక్కటీ లేవు.

"మా అక్కావాళ్ళవీ మా ఆయనదీ వేరే చోట పెట్టారాండీ?" అని అడిగాను.

ఆవిడ నా మొహం చూడకుండా చెప్పింది. "లేవమ్మా. మీ ఆయనైతే మా గుమ్మం ఎక్కనే లేదు. మీ అక్కగారు అలమర దాకా వచ్చి, రెండు మూటలూ మళ్ళీ పట్టుకెళ్ళిపోయింది. పెట్టి కదలకపోతే అరిష్టం కదా పిన్నిగారూ, దానికి మాత్రం చెప్పకండి అని నా చేతులు పట్టుకుంది. నువ్వు అడిగావు కాబట్టి చెప్పానమ్మా, నేను అబద్ధం ఆడలేను."

నేను అబద్ధం ఆడలేనంది చూశావా, పక్కింటావిడ. నా సొంత అక్క ఆడగలిగింది. ఏడాది పొడుగునా, ప్రతి ఆదివారం, నా మంచం మీద నా పక్కన కూర్చుని ఆడింది. నాతో అబద్ధమాడటానికి మీకెవరికీ భయం వేయలేదు. మంచి గడియతో అబద్ధమాడటానికి మాత్రం భయం వేసింది.

అక్కడినుంచి తిన్నగా కొట్టుకి వెళ్ళాను. మీ మరిది కొట్లో ఉన్నారు. బేరానికొచ్చిన వాళ్ళ ముందే అడిగేశాను. ఆయన కౌంటరు వెనక నుంచి లేచి, లోపలి గదిలోకి తీసుకెళ్ళి, కందిపప్పు బస్తాల మధ్య నిలబెట్టి చెప్పారు. టికెట్లు లేవు. మీకెవరికీ పాస్‌పోర్టులే లేవు. నాదీ పిల్లదీ మాత్రం నిజంగా తీయించారు, ఎందుకంటే వాటికి మేం వెళ్ళి ఫొటో దిగాలి, వేలిముద్ర వేయాలి. అక్కడ మాయ చేయడం కుదరలేదు. దారిలో దిగే దేశం వాళ్ళు వీసా ఇవ్వలేదని బుధవారం నాతో చెబుదామని అందరూ అనుకున్నారట. ఆ కబురు చెప్పే పని బావగారిదట.

"ఎందుకండీ?" అంటే, "అప్పుడు నీ పరిస్థితి అలా ఉంది సుప్రియా, నువ్వేమడిగినా సరే అనమన్నాను" అన్నారు.

అప్పుడు నా పరిస్థితి ఎలా ఉందో నాకు గుర్తుంది. కీమో ఎక్కించే గదిలో టీవీ రిమోట్ ఎవరికీ దొరక్క, ఏ చానెల్ ఉంటే అదే చూసేవాళ్ళం. అందులో కనబడింది ఆ ద్వీపం. కొబ్బరిచెట్లు మనకీ ఉన్నాయి, నీళ్ళు మాత్రం అలా లేవు. మీ పేరుపాలెం సముద్రం మట్టిరంగు. అది నీలం మందు కలిపినట్టుంది. అడుగున ఇసుక కూడా కనబడుతోంది. తాబేళ్ళ పక్కనే పిల్లలు ఈదుతున్నారు. "బాగైతే అందరం అక్కడికి వెళ్దామే" అన్నాను. నేను ఊరికే అన్నాను అక్కా! నిజం చేసింది నువ్వు. "వెళ్దాం, బావగారికి చెబుతాను" అని ఆ సాయంత్రమే హోటళ్ళ బొమ్మలు తీసుకొచ్చి చూపించావు. అక్కడ సీమపనసని నిప్పుల మీద కాల్చుకు తింటారట, మనకి తిండికి ఇబ్బంది లేదని లెక్కలు కట్టావు. కందిపొడి ఎంత, మాగాయ ఎంత, సముద్రం కనబడే గది ఎవరికి అని పోట్లాడుకున్నాం. జుట్టు ఊడిన రోజున, అక్కడ ఎండకి టోపీ ఎలాగూ కావాలి కదా అని నువ్వే గడ్డి టోపీ కొనిచ్చావు. ఆ టోపీ పెట్టుకుని అద్దంలో చూసుకుని నవ్వాను. ఇంక చస్తేనేం అనుకునే రోజుల్లో, ఛ, గదులు మాట్లాడేశాం కదా అనుకుని సూది గుచ్చించుకున్నాను.

ఇప్పుడు తెలిసింది. నేను ఏదడిగినా మీరు ఊ అన్నారంటే, ఆ మాట నిలబెట్టుకోవాల్సిన అవసరం రాదనే కదా? నేను అప్పటిదాకా ఉండననే కదా? మీ ప్లాన్‌లో హోటలు ఉంది, మాగాయ ఉంది. నేను బతకడం ఒక్కటే లేదు.

అత్తయ్యగారే నయం. "మీ ముచ్చట్లలోకి నన్ను లాగకండి, నేనెక్కడికీ రాను" అని మొదటిరోజే మొహాన చెప్పేశారు. మనం ఎప్పుడు ఆ కబుర్లలో పడ్డా, "ముందా జావ తాగు, ఓపిక లేనివాళ్ళని విమానం ఎక్కనివ్వరు" అని గిన్నె నా చేతిలో కుక్కేవారు. ఎంత తిట్టుకున్నానో ఆవిడని. ఇంట్లో అబద్ధం ఆడనిది ఆవిడొక్కరే.

దుర్గాశ్రీకి ఇంకా చెప్పలేదు. కళ్ళజోడు మెడలో వేసుకునే అన్నం తింటోంది. దానికి ఎలా చెప్పాలో నువ్వే రాయి, అబద్ధాలు చెప్పడం నీకు బాగా వచ్చు కదా.

ఇప్పటికింకా నీ చెల్లెలినే,
సుప్రియ


మొగల్తూరు,
బుధవారం.

నా చిట్టితల్లీ, సుప్రియా,

నీ ఉత్తరం కొరియరు వాడు ఇచ్చేసరికి మీ బావ ఇంట్లోనే ఉన్నారు. చదివి ఆయన చేతిలో పెట్టాను. ఆయన మధ్యాహ్నం భోజనానికి లేవలేదు. ఇది నీకు జాలి కలగాలని రాయడం లేదు, జరిగింది చెబుతున్నాను.

నువ్వు రాసినదంతా నిజం. కాదని ఒక్క ముక్క కూడా రాయలేను.

కీమో మొదలుపెట్టాక వచ్చిన మొదటి రిపోర్టులు చూసిన రోజున డాక్టరుగారు మీ ఆయన్నీ మీ బావనీ బయటికి పిలిచి, ఎక్కువ ఆశ పెట్టుకోవద్దన్నారు. ఆవిడకి ఏది ఇష్టమైతే అది చేయండి అన్నారు. ఆ మాట విన్నాక నిన్ను చూడటానికి లోపలికొస్తే నువ్వు టీవీకేసి చూస్తూ, బాగైతే అందరం అక్కడికి వెళ్దామే అన్నావు. నేనేం చెప్పను? వెళ్దాం అన్నాను. ఒక ఆదివారం అన్నాక ఇంకో ఆదివారం అనక తప్పలేదు. నువ్వు నవ్వుతుంటే ఆపబుద్ధి కాలేదు. నేనూ నమ్మేసిన రోజులున్నాయి సుప్రియా. ఒకసారి మాగాయ నిజంగానే ప్యాకెట్లు కట్టాను.

నువ్వు బతకవనుకున్నాం. ఇదిగో, నా చేత్తో రాశాను. నీకు అంతా బాగుందని రిపోర్టు వచ్చిన రోజున నేను ఏడ్చింది సంతోషంతోనే, అది మాత్రం నమ్ము. కానీ ఇంటికొచ్చాక మీ బావ కుర్చీలో కూలబడి, "ఇప్పుడెలాగే?" అన్నారు. చెల్లెలు బతికిన రోజున అక్క ఇంట్లో 'ఇప్పుడెలాగే' అన్న మాట వినబడింది. మేమెక్కడ, బార్బడోస్ ఎక్కడ? ఎరువుల కొట్టు మూసి నాలుగు రోజులు తిరుపతి వెళ్ళడానికే కిందా మీదా పడతాం.

మూటల సంగతి. గడియతో అబద్ధమాడటానికి భయపడ్డానన్నావు. భయపడ్డాను. నా కోసం కాదు. ప్రస్థానం పెట్టి కదలకపోతే ఆ కీడు ఆ ప్రయాణం తలపెట్టిన మనిషికి తగులుతుందని అమ్మ అనేది. తలపెట్టింది నువ్వు. ఇప్పుడిప్పుడే లేచి తిరుగుతున్నదానివి. నా మూట వల్ల మళ్ళీ నీకేమైనా అయితే? అలమర ముందు నిలబడితే నా చేతులు రాలేదు. నీ మూట ఎలా వెనక్కి తేవాలా అని నిన్నంతా అదే ఆలోచన. పంతులుగారిని అడిగి ఏదైనా శాంతి చేయిద్దాం. నువ్వు నన్ను తిట్టు, కొట్టు, మూట మాత్రం ఊరికే ఇంట్లోకి తెచ్చేయకు.

ఫోన్ తియ్యవే.

నీ అక్క,
శ్రీదివ్య


నిడదవోలు,
శుక్రవారం, సాయంత్రం.

అక్కా,

ఈసారి ముందు మాట వెతుక్కోలేదు, చేతికి వచ్చింది రాసేశాను.

నీ ఉత్తరం రాకముందే నేను మూట తెచ్చేసుకుందామని సూరమ్మగారి ఇంటికి వెళ్ళాను. కీడా, పాడా, ఇంతకంటే ఇంకేం జరుగుతుందని నా తెగింపు. నా మూట తీసి వెనక్కి తిరిగానో లేదో సూరమ్మగారు, "ఒక్కటే తీసుకెళ్తున్నావేంటమ్మా, మీ అత్తగారిది కూడా పట్టుకెళ్ళు" అంది.

ఆ పాత గళ్ళ తువ్వాలు మూట అత్తయ్యగారిదట. సోమవారం నేను రాకముందే, గడియ మొదలవగానే దొడ్డిదారిన వచ్చి పెట్టి వెళ్ళారట. ఎవరికీ చెప్పొద్దని కూడా అనలేదట. చెప్పాల్సిన సంగతి అని ఆవిడకి తోచి ఉండదు.

రెండు మూటలూ పట్టుకుని మన గుమ్మం దాకా వచ్చాను. అత్తయ్యగారు వరండాలో చింతపండు ఈనెలు తీస్తున్నారు. నన్నూ మూటలనీ చూసి, "అవి లోపలికి తేకు! బుద్ధుందా నీకు?" అని ఒక్క కేక పెట్టారు. గుమ్మం బయటే నిలబడిపోయాను.

"మీరు రానన్నారు కదా అత్తయ్యా?" అన్నాను.

"నువ్వు లేచి నిలబడలేని రోజున అన్నాను. విమానంలో నిన్నెవరు మోస్తారు? లేచి తిరుగుతున్నావుగా ఇప్పుడు."

"వీళ్ళెవరూ రావట్లేదు అత్తయ్యా. టికెట్లే లేవు. నేను బతకనని అందరూ అనుకున్నారు."

ఆవిడ చింతపండు పక్కన పెట్టారు. "తెలుసు. మా నిరంజన్‌గాడు నా దగ్గరికొచ్చి ఏడ్చాడు, డాక్టరు ఇలా అన్నాడమ్మా అని. ఏడవకురా అన్నాను. డాక్టరు కాగితం చూశాడు, నేను గిన్నె చూస్తున్నాను. మొదట్లో జావ సగం మిగిల్చేదానివి. తర్వాత్తర్వాత గిన్నె అడుగు కనబడింది. అన్నం అడిగిన రోజున అనుకున్నాను, ఇది నన్ను బార్బడోసు లాక్కెళ్ళకుండా ఊరుకోదని."

ఊరి పేరు తప్పు లేకుండా అన్నారు, అక్కా. పక్క గదిలో కూర్చుని మన ఆదివారం కబుర్లన్నీ విన్నారన్నమాట. ఒకసారి, "అక్కడ చలి ఉంటుందా?" అని అడిగితే నేను జవాబు కూడా చెప్పలేదు, ఏదో సణుగుతున్నారనుకున్నాను. మూట విప్పి చూపించారు. ఒక నేతచీర, మోకాళ్ళ నొప్పుల తైలం, ఉన్ని శాలువా. చలి సంగతి నేను చెప్పలేదు కదా, శాలువా పెట్టుకున్నారు. నాకు జబ్బు వచ్చాక మొదటిసారి గట్టిగా, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు. ఆవిడ మళ్ళీ ఈనెలు తీసుకున్నారు. హాయిగా ఏడ్చాను.

పెట్టిన ప్రస్థానం కదలాలి, పడమరకే కదలాలి. నీ భయం తీరిపోతుంది, విను. మూటలు తిరిగి సూరమ్మగారింట్లోనే ఉంచి, ఈవేళ శుక్రవారం పొద్దున్న అవి తీసుకుని రైల్లో నేనూ అత్తయ్యగారూ బెజవాడ వెళ్ళాం, ఆవిడ పాస్‌పోర్టుకి. బెజవాడ మనకి పడమరే. ఒళ్ళో చెరో మూటా పెట్టుకుని కూర్చున్నాం. మీ మరిది స్టేషన్ దాకా వచ్చి మూట పట్టుకుంటానన్నారు. నేనివ్వలేదు. రైలు కదిలేదాకా ప్లాట్‌ఫాం మీదే నిలబడ్డారు. ఆయన మొహం చూస్తే జాలేసింది, అయినా ఇవ్వలేదు.

ఆఫీసులో ఫొటో తీసే అమ్మాయి, "ఈ వయసులో ఎక్కడికి మామ్మగారూ, కొడుకు దగ్గరికా?" అని అడిగింది.

"కాదమ్మా. మా కోడలిని సముద్రానికి తీసుకెళ్ళాలి. దానికి బాగైపోయింది" అన్నారు.

బాగైపోయింది అన్న మాట డాక్టరు చెప్పారు, నువ్వు చెప్పావు, మీ మరిది చెప్పారు. అందులో ఎంత నిజమో అని ప్రతిసారీ లోపల ఒక మూల అనుమానమే ఉండేది. ఈవేళ ఆ కౌంటరు దగ్గర నిలబడి విన్నప్పుడు నమ్మాను.

ఎప్పుడు వెళ్తామో తెలియదు. వచ్చే ఏడాదో, ఆపై ఏడాదో. దుర్గాశ్రీకి నిజమే చెప్పాను. ఆలస్యం అవుతుంది గానీ వెళ్తాం అని. నిన్ను క్షమించానని మాత్రం ఈ ఉత్తరంలో రాయలేను, రాస్తే అదీ అబద్ధమే అవుతుంది. నాకేమైనా అవుతుందన్న భయంతోనే మూట పెట్టలేదని రాశావు. ఆ ఒక్క వాక్యం మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాను. ఇంతకంటే ఇప్పుడేం చెప్పలేను.

మేం బయల్దేరే ముందు మళ్ళీ ప్రస్థానం పెడతాం. గడియ ఏదో నీకు కబురు పెడతాను. నువ్వు వస్తానని నాకు చెప్పనక్కర్లేదు. సూరమ్మగారి అలమరలో చోటు ఉంది, నేను వెళ్ళి చూసుకుంటాను.

సుప్రియ