ఆదివారం బడి మీద సక్కుబాయి ఫిర్యాదు

రాయదుర్గం,
3 జూలై 1974

పట్నంల ప్రత్యేక తరగతుల ఆఫీసరు నరసింహమూర్తి సారుకు, రాయదుర్గం సక్కుబాయి చెప్పి రాయించేది ఏమనగా,

మీ కార్డు ముట్టింది. మాకంటె ముందు ఊరందరికి ముట్టింది. మా పోస్టు పోచయ్య కార్డు ఎవరికి వచ్చినా కిరాణా దుకాణం కాడ నిలబడి గట్టిగ చదువుతడు. మా మనుమరాలు భూలక్ష్మిని ఏడాదంత ఆదివారాలు ప్రత్యేక తరగతిల కూసోబెడతమని రాసిన్రట. ఇగ ఊరంత నవ్వులు.

మా బడిల ప్రత్యేక తరగతి ఎవరికో తెలుసునా? ఎక్కాలు రానోళ్లకు. బడి విడిచినంక వాళ్లనే పంతులు ఆపుతడు. మా పోరికి తొమ్మిదో తరగతిల లెక్కలకు నూటికి తొంభై ఎనిమిది. దాని తండ్రి రాళ్లు కొట్టే పనికి పోయి నెలకోపాలి వస్తడు, ఇంట్ల మాట నాది. నా పోరిని మొద్దు అన్నోళ్లెవరో నాకు తెల్వాలె. జవాబు రాయండ్రి. జవాబు వచ్చేదాక పేరు కొట్టెయ్యకండ్రి.

ఇట్లు,
సక్కుబాయి

తా.క.: నేను నువ్వు అనే చెప్తున్న. మా పోరి మీరు అని రాస్తున్నది. మీకు ఏది మంచిగుంటే అది చదువుకోండ్రి.

*

హైదరాబాదు,
8 జూలై 1974

గౌరవనీయులైన సక్కుబాయి గారికి, నరసింహమూర్తి నమస్కారాలతో రాస్తున్నది.

మీ ఉత్తరం అందిందండి. వివరంగా రాయకపోవడం మా పొరపాటే. మా తరగతులు వెనకబడ్డ పిల్లలకు కావండి, అందరికంటే ముందున్న పిల్లలకు. చుట్టుపక్కల ఊళ్ల నుంచి నాలుగు వందల మంది పరీక్ష రాస్తే పన్నెండు మందిని తీసుకున్నాం. అందులో మీ మనవరాలిది మూడో స్థానం. పాఠ్యపుస్తకంలో లేని లెక్కలు చెబుతాం, ప్రయోగాలు చేయిస్తాం. బస్సు చార్జీలు, మధ్యాహ్న భోజనం మావే. ఇరవై ఒకటో తేదీ దాకా సీటు అట్టే పెడతాం.

భవదీయుడు,
నరసింహమూర్తి

తా.క.: ఈసారి కవరులో పెట్టి పంపుతున్నాను. పోచయ్య గారు ఏమీ అనుకోరని ఆశ.

*

రాయదుర్గం,
12 జూలై 1974

నరసింహమూర్తి సారుకు, సక్కుబాయి మళ్ల చెప్పేది.

కవరు ముట్టింది. తెలివి ఉన్నదని మీరే అంటున్రు. ఉన్నదానికి మళ్ల చదువెందుకు? ఉరికే ఎద్దును ఎవరన్న ముల్లుగర్రతో పొడుస్తరా? ఎక్కాలు రానోడు ఆదివారం గోళీలాడుతుంటే, వచ్చినదాన్ని తీస్కపోయి కూసోబెడతరా? కడుపు నిండినోళ్లను పిలిచి మళ్ల బంతిల కూసోబెట్టినట్టున్నది.

ఆదివారం అది నాతోని గుట్ట మీదికి కట్టెలకు వస్తది. అగో ఆ బండ ఎంతెత్తుందో దాని నీడ కొలిచి చెప్తది. అసొంటి దానికి మీరు నేర్పేదేంది?

మీకు చేతనైతే ఇంకోమాటు జర సమజ్ చేయండ్రి. అప్పటిదాక సీటు ఇంకొకరికి ఇయ్యకండ్రి.

ఇట్లు,
సక్కుబాయి

తా.క.: ఇగ కవర్లు పంపకండ్రి. కార్డయితే ఊరోళ్లు ఉన్నదే చదివిన్రు. కవరు విప్పరాక ఒకరు కోర్టు కాగితమన్నరు, ఒకరు దవాఖాన కాగితమన్నరు. ఇద్దరు పరామర్శకు వచ్చి చాయ తాగి పోయిన్రు.

*

హైదరాబాదు,
15 జూలై 1974

సక్కుబాయి గారికి నమస్కారాలు.

మీ ఉత్తరాలు కమిటీలో చదివి వినిపించాను. నీడ కొలిచే సంగతి విని అందరూ ముచ్చటపడ్డారండి. అయితే ఒక చిక్కు వచ్చింది. మీ ఉత్తరాల్లో చేతిరాతా, భూలక్ష్మి పరీక్ష పేపర్లో చేతిరాతా ఒకటేనని ఆ పేపర్లు దిద్దిన మా పద్మావతి గారు కనిపెట్టారు. తరగతులకు రావడం ఇష్టంలేక ఆ పిల్లే నాయనమ్మను కల్పించిందని కమిటీ అభిప్రాయం. మీరు నిజంగా ఉన్నట్లయితే, ఇరవై ఒకటి ఆదివారం నాడు పిల్లను వెంటబెట్టుకుని దయచేయండి. రాకపోతే సీటు తర్వాతి వారికి వెళ్లిపోతుంది.

భవదీయుడు,
నరసింహమూర్తి

తా.క.: ఒకవేళ కల్పించిందే అయితే, ఆ నాయనమ్మ పాత్ర చాలా సహజంగా ఉందండి. కథల పోటీకి కూడా పేరివ్వమని పద్మావతి గారు చెప్పమన్నారు.

*

రాయదుర్గం,
18 జూలై 1974

కమిటీకి సక్కుబాయి చెప్పేది.

నేనున్న. అరవై ఏడేండ్ల సంది ఉన్న. మీ కమిటీల ఎవ్వరు పుట్టకముందు సంది ఉన్న. ఆదివారం మొదటి బస్సుకు వస్తున్న. అందరిని కూసోబెట్టండ్రి.

సక్కుబాయి వేలిముద్ర

తా.క.: ముద్ర గూడ పోరిదేనంటరేమో. వచ్చినప్పుడు వేలు పట్టుకొని చూసుకోండ్రి.

*

రాయదుర్గం,
29 జూలై 1974

నరసింహమూర్తికి, సక్కుబాయి దీవించి రాయించేది.

బిడ్డా, మొన్న మీ ఆఫీసుల నేను ఉన్ననని అందరు ఒప్పుకున్నరు. అది మంచిగనే అయ్యింది. గని నువ్వు ఫైలు తీసి నా ఉత్తరాలు నాకే చదివినవ్ సూడు, అప్పుడు తెలిసింది అసలు సంగతి. నేను చెప్పింది ఒకపాలి పేరు కొట్టెయ్ అని, ఇంకోపాలి సీటు ఇంకొకరికి ఇయ్యి అని. కాగితం మీద ఉన్నది కొట్టెయ్యకండ్రి, ఇయ్యకండ్రి అని. చెప్తే ఇనని మొండోడివనుకొని ఇన్ని దినాలు నిన్ను తిట్టిన. ఆ తిట్లు వాపసు తీసుకుంటున్న.

వచ్చేటప్పుడు బస్సుల పోరిని అడిగిన, ఎందుకు మార్చినవే అని. కిటికీ దిక్కు తిరిగి మెల్లగ చెప్పింది: "నీ మాటలన్నీ ఉన్నయి ఉన్నట్టే రాసిన నాయనమ్మా. గదొక్కటే మార్చిన. నీకు సమజైతే నువ్వే పంపుతవని తెలుసు."

నువ్వు పోతవా బిడ్డా అని దాన్ని అడగాల్నన్న సోయి నాకు ఒక్కనాడు రాలే.

ఆ దినం క్లాసు బయట కూసొని అన్నీ ఇన్న. మా పోరి లెక్కల సారును ఏందో అడిగితే, నాకు తెల్వదమ్మా, వచ్చే ఆదివారం ఇద్దరం చూద్దామన్నడు. తెల్వదన్న పంతులును నా జన్మల చూడలే. గట్లాంటోని కాడికైతే పంపుత. నిన్న ఒక్కతే బస్సెక్కి పోయింది, పొద్దుగూకే యాళ్లకు నవ్వుకుంట వచ్చింది. ఒక్క మాట మార్చి ఆఫీసునంత ఇరవై దినాలు ఆపిన పోరి అది. దానికి తగ్గ చదువు చెప్పు.

సక్కుబాయి

తా.క.: ఇది పోరితోని రాయిస్తలేను, పోస్టు పోచయ్య రాస్తున్నడు. రాత మారిందని మళ్ల నేను లేననకు.

ఇంకో తా.క.: సార్, నేను పోచయ్యను. అమ్మ చెప్పింది చెప్పినట్టే రాసిన. తిట్లు వాపసు తీసుకుంటున్న అని మాత్రం అమ్మ అనలేదు. మర్యాదగ ఉండదని నేనే కలిపిన.